పాలమూరు మిట్టల మీద కంటికి కనబడని బాటలు

పాలమూరు, నల్లగొండ సీమల పేరు చెప్పినంతనే మన సోదరీమణుల తలపునకు వచ్చునవి ఎండిన చెఱువులు, గుండ్రాళ్ళ గుట్టలు, తాటివనములు, పొట్టకూటికై దూరదేశములకు వలసపోయిన కూలీల కథలు, ఫ్లోరైడు నీటివలన వంగిపోయిన నడుములు. ఇవన్నియు నిజమే. కాని ఈ మిట్టభూములకు పైన మఱియొక సీమ కలదు. దానికిని పొలిమేరలు కలవు, బాటలు కలవు, ఆ బాటలకు పేర్లును, అంకెలును కలవు. కంటికి మాత్రము కనబడవు. అవి విమానముల బాటలు. నేలమీద నుండి ఆ బాటలను నిలబెట్టు స్తంభములను, దీపములను చూచుటకును, ఛాయాచిత్రములు తీయుటకును గడచిన ఆశ్వయుజమున, బతుకమ్మ పండుగ వెళ్ళిన పిమ్మట, శంషాబాదు మొదలు నాగార్జునసాగరము వఱకు మేము మూడు దినములు తిరిగితిమి.

మేమనగా ఈ వ్యాసము వ్రాయువారమును, మా చెల్లెలి కూతురును. ఆ పిల్ల ఇంజనీరింగు చదువు ముగించి, సిమ్యులేటరు అను యంత్రమునకు దృశ్యములు కూర్చు పరిశోధనలో పనిచేయుచున్నది. విమానము నడపవలెనని దానికి చిన్ననాటి నుండి కోరిక. మా చెల్లెలు ఒప్పుకొనలేదు. ఎందుకు ఒప్పుకొనలేదో పెద్దవూర ప్రస్తావన వచ్చునప్పుడు చెప్పెదము. ఎగురుట కూడదన్నచో ఎగురువారికి అక్కఱకు వచ్చు పనియైన నేర్చుకొందునని పిల్ల ఈ దారి పట్టినది. "కెమెరా పట్టుకొని రోడ్ల వెంట తిరుగునట. నీవు తోడుండు, అక్కా" అని మా చెల్లెలు బ్రతిమాలుటచే మేము వెంట పోయితిమి.

సిమ్యులేటరు అనగా నేలమీదనే యుండి ఎగురుచున్నట్లు తోపించు యంత్రము. ఆఱు ఇనుపకాళ్ళ మీద ఒక గది నిలిచియుండును. లోపల నిజమైన విమానమునందు వలెనే ఆసనములు, మీటలు, సూచికలు ఉండును. కిటికీ అద్దములకు ఎదుట తెఱ యుండును. పైలటు మీట త్రిప్పినచో గది వంగును, లేచును, అదరును. తెఱమీద నేలయు మేఘములును కదలును. ఇంజను ఆగిపోయినచో ఏమి చేయవలెను, పొగమంచులో ఎట్లు దిగవలెను అనువానిని నిజమైన విమానముతో చేసి నేర్వబోయినచో ప్రాణమునకే ముప్పు. ఈ గదిలో నూఱు మాఱులు కూలినను, లేచి వచ్చి కాఫీ త్రాగి మరల పోయి కూర్చుండవచ్చును. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారు తమ పైలట్లకు ఇట్టి యంత్రములపై శిక్షణ నిచ్చు కేంద్రమును హైదరాబాదునందే నడిపిరి గనుక ఈ విద్య మన సీమకు క్రొత్తది కాదు.

దీనిని మొదట చేసినవాడు వాద్యములు చేయువారి యింటి బిడ్డడని విని మేము ఆశ్చర్యపడితిమి. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమందలి బింగ్‌హామ్టను పట్టణమున ఎడ్విన్ లింకు తండ్రికి పియానోలు, ఆర్గనులు చేయు కార్ఖానా ఉండెను. మన హార్మోనియములో తిత్తి గాలినిచ్చి స్వరము పలికించునట్లే ఆర్గనులోను తిత్తులు పనిచేయును. లింకు 1929లో అట్టి తిత్తులను ఒక చిన్న విమానపు బొమ్మ క్రింద అమర్చి, ఒకదానిలో గాలి నింపి, మఱియొకదానిలో తీసి, దానిని అటునిటు ఒరగునట్లు చేసెను. తొలినాళ్ళలో దానిని కొన్నవారు పైలట్లు కారు. వినోదశాలలవారు, జనులు కాసు వేసి ఆడుకొనుటకు కొనిరి. 1934లో అమెరికా ప్రభుత్వము టపా మోయు పనిని సైనిక విమానముల కప్పగించినది. మబ్బులో సూచికలను నమ్మి నడుపుట బాగుగ నేర్వని యువకులు కొలది వారములలో పదిమందికి పైగా మడిసిరి. అప్పుడు గాని సైన్యమువారి కన్ను లింకు బొమ్మ మీద పడలేదు. ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆఱింటిని కొనిరి. రెండవ ప్రపంచ యుద్ధము ముగియునప్పటికి అట్టివి పదివేలకు మించి తయారయ్యెను. ఒక ఆటబొమ్మ విలువ తెలియుటకు అంతమంది తల్లులు ఏడ్వవలసివచ్చెను గదా యని మాకు అనిపించినది.

లింకు పెట్టెకు మూత వేసిన పిమ్మట బయట ఏమియు కనబడదు. తరువాత వచ్చిన యంత్రములలో బయటి దృశ్యమును చూపుటకై పెద్ద పలకలమీద కొండలు, ఇండ్లు, రోడ్లు, వ్రేలెడు చెట్లు చేసి రంగులు వేసి, వానిమీదుగా చిన్న టెలివిజను కెమెరాను నడపెడివారు. మన సంక్రాంతి బొమ్మలకొలువులో మట్టి పోసి, ఆవాలు చల్లి, మొలకలను పొలమనియు, అద్దపు ముక్కను చెఱువనియు పెట్టుట లేదా? అది అట్టిదే. నేడు ఆ కొలువును కంప్యూటరు పెట్టుచున్నది. దానికి కావలసిన బొమ్మలు మాత్రము బయటినుండియే తేవలెను. ఒక దీపస్తంభమును తీసికొందము. తులసికోటకు ప్రదక్షిణము చేయునట్లు దాని చుట్టు తిరుగుచు, అడుగడుగునకు ఒక ఛాయాచిత్రము, ముందుదానిలోని భాగము కొంత వెనుకదానిలో ఉండునట్లు తీసినచో, కంప్యూటరు ఆ చిత్రములను ఒకదానితో నొకటి పోల్చి స్తంభము ఎత్తును, లావును, వంపును తానే కట్టుకొనును. దగ్గఱకు పోరాని వస్తువులకు దూరమునుండి, వేఱువేఱు దిక్కులనుండి తీయవలెను. మా పిల్ల పని చాలవఱకు ఈ రెండవ రకము.

ఏదో ఒక కొండ, ఏదో ఒక దీపము గీసినచో చాలదా యని మేమడిగితిమి. చాలదట. పైలటు కన్ను మోసపోవు చోట్లు కలవు. సన్నని రన్‌వేలకు అలవాటుపడిన కన్ను వెడల్పైనదానిని చూచినప్పుడు, తాను ఉన్నదానికంటె తక్కువ ఎత్తున ఉన్నట్లు భ్రమపడి, విమానమును పైపైన తెచ్చును. వెడల్పునకు అలవాటుపడిన కన్ను సన్నని రన్‌వేను చూచి, తాను మిక్కిలి ఎత్తున ఉన్నట్లు తలచి, ముందే క్రిందికి దింపును. ఈ రెండవది మహాపాయము. మామూలు పెద్ద రన్‌వేలు 45 మీటర్ల వెడల్పు కలవి కాగా శంషాబాదులోని మొదటిది 60 మీటర్ల వెడల్పు కలది. తెఱమీది కొలతలో తప్పున్నచో శిష్యుని కన్ను ఆ తప్పునే నేర్చుకొనును. పిల్లలకు మొదట తప్పు శ్రుతిలో పాట నేర్పిన పిమ్మట దిద్దుట యెంత కష్టమో మనకు తెలియును.

శంషాబాదు విమానాశ్రయమును 2008 మార్చి 14న ప్రారంభించిరి. అదే నెల 23న విమానముల రాకపోకలు మొదలై, నిజాము కాలమునాటి బేగంపేట ఎయిరోడ్రోమునుండి ప్రయాణికుల విమానములన్నియు ఇచ్చటికి తరలినవి. మొదటి రన్‌వే నిడివి 4,260 మీటర్లు. సముద్రమట్టమునకు 600 మీటర్లకు మించిన ఎత్తున, తూర్పు పడమరలుగా, అది పాలమూరు మిట్టల వాకిట పఱచుకొని యున్నది. పడమటి ప్రక్క బెంగుళూరు రోడ్డు, తూర్పు ప్రక్క శ్రీశైలము రోడ్డు. విమానము ఎప్పుడును గాలికి ఎదురుగా దిగవలెను. వానకాలమున పడమటి గాలి వీచునప్పుడు తూర్పునుండి వచ్చి శ్రీశైలము రోడ్డును దాటి దిగును. తూర్పు గాలి తిరిగిన పిమ్మట పడమటినుండి వచ్చి బెంగుళూరు రోడ్డును దాటును. మేము పోయిన దినములలో గాలి తూర్పునుండి వీచుచుండెను గనుక బెంగుళూరు రోడ్డు దిక్కుననే మా మకాము.

ఛాయాచిత్రములు తీయుటకు హద్దులు కలవు. 1937 నాటి విమాన నియమములలో పదుమూడవది, అనుమతి పత్రము లేక ప్రభుత్వ విమానాశ్రయములందు గాని, ఎగురుచున్న విమానమునుండి గాని ఛాయాచిత్రము తీయరాదని చెప్పెను. మా పిల్ల ఈ విషయమున మిక్కిలి నిక్కచ్చి. గోడను ఆనుకొని నిలువదు, సైనిక స్థలముల వైపు కెమెరా త్రిప్పదు, అడిగిన పోలీసువారికి ముందే సిద్ధము చేసికొన్న కాగితములు చూపును. విమానములను దగ్గఱనుండి తీయవలెనన్నచో వింగ్స్ ఇండియా ప్రదర్శనలు ఉండనే యున్నవి. 2024 జనవరిలో బేగంపేటలో జరిగిన ప్రదర్శనకు మేమును పోయి, మూరెడు దూరమునుండి విమానపు చక్రములను, ఱెక్కల అతుకులను కన్నులార చూచితిమి. చక్రము మేము ఊహించినదానికంటె పెద్దది; ఱెక్క తుద మేము ఊహించినదానికంటె పలుచనిది.

మొదటినాటి ఉదయము ఒక పల్లెదారి ప్రక్కన చిన్న గుట్టమీద నిలిచితిమి. నిమిషముల వ్యవధిలో ఒకదాని వెనుక నొకటిగా విమానములు మా తలలమీదుగా దిగుచుండెను. దూరమున రన్‌వే ఎడమ ప్రక్క నాలుగు దీపములు వరుసగా వెలుగుచుండెను. నాలుగును ఎఱ్ఱనివే.

"పెద్దమ్మా, ఇవి మనకు ఎఱ్ఱగా కనబడుచున్నవి. విమానములోని వారికి రెండు తెల్లన, రెండు ఎఱ్ఱన" అని పిల్ల చెప్పినది.

ఆ దీపములకు పాపీ యని పేరు. ఒక్కొక్క దీపము పై సగము తెల్లని వెలుగును, క్రింది సగము ఎఱ్ఱని వెలుగును చిమ్మును. నాలుగింటిని కొంచెము కొంచెము తేడాగా వాల్చి బిగింతురు. సరియైన వాలున దిగువానికి రెండు తెలుపు, రెండు ఎఱుపు. మూడు తెల్లనైనచో కొంచెము ఎత్తు. నాలుగును తెల్లనైనచో మిక్కిలి ఎత్తు. మూడు ఎఱ్ఱనైనచో కొంచెము పల్లము. నాలుగును ఎఱ్ఱనైనచో ఆ దారినే వచ్చినవాడు రన్‌వే చేరక మునుపే నేల తాకును. మేము నేలమీదనే యుంటిమి గనుక మాకు నాలుగును ఎఱుపే! సరియైన వాలు సాధారణముగా మూడు డిగ్రీలు, అనగా కిలోమీటరుకు సుమారు 52 మీటర్లు దిగుట. కొంగును తలమీదికి లాగుకొని ఎండలో నిలిచి, ప్రతి విమానమునకును పిల్ల వరుసగా తీసిన చిత్రములను చూచినచో, ఒకే దారము మీద జాఱుచున్న పూసలవలె అన్నియు ఒకే వాలున దిగుచున్నవి.

పగటిపూట కన్నున్నది, దీపమున్నది. మబ్బు కమ్మినప్పుడేమి గతి? దానికి రేడియో బాట కలదు. రన్‌వే ఆవలి కొసకు అడ్డముగా, తోటకు వేసిన దడివలె, ఒక వరుస స్తంభములుండును. దానిని లోకలైజరు అందురు. అది ఒకే మాఱు రెండు నాదములను మోయు అలలను పంపును. ఒకటి సెకనుకు 90 కంపనములది, రెండవది 150 కంపనములది. వచ్చు విమానము నడిమి గీతకు ఎడమగా ఉన్నచో 90 నాదము హెచ్చుగా నుండును; కుడిగా ఉన్నచో 150 నాదము హెచ్చు. రెండును సమముగా నున్నచో విమానము రన్‌వే నడిమి గీత మీద ఉన్నట్లు. పైలటు వీనిని చెవితో వినడు. యంత్రమే విని, సూచికలోని ముల్లును కదపును. సంగీతము నేర్చిన సోదరీమణులు లెక్క కట్టినచో 90కిని 150కిని గల దామాషా మూడునకు అయిదు. అది షడ్జమునకును దాని పైని చతుశ్రుతి ధైవతమునకును గల దూరమే. స, ధ అను రెండు స్వరములు సమముగా పలుకు చోటనే విమానమునకు దారి! ఇట్టిదే మఱియొక జంట నాదము, రన్‌వే ప్రక్కనున్న పొడవైన స్తంభమునుండి, ఎత్తు పల్లములను తెలుపుటకు పంపబడును. దానిని గ్లైడ్ స్లోపు అందురు.

వీనికంటె మా మనస్సును పట్టుకొన్నది డీవీఓఆర్ అను కట్టడము. వెడల్పైన ఇనుప వలలతో నేలకు ఎత్తుగా కట్టిన గుండ్రని అరుగు, దాని మీద చుట్టును, సాధారణముగా 48, చిన్న చిన్న తెల్లని టోపీలు, నడుమ ఒకటి. దూరమునుండి చూచినచో ఎవరో పెద్ద పళ్ళెమున కుందులు పేర్చినట్లుండును. నడుమనున్నది ఒక సంకేతమును అన్ని దిక్కులకు ఒకే తీరున పంపుచుండును. చుట్టునున్నవానిలో రేడియో అల ఒకదానినుండి మఱియొకదానికి పోవుచు, సెకనుకు 30 మాఱులు వలయము చుట్టివచ్చును. ఈ రెండింటికి గల తేడా ఒక్కొక్క దిక్కున ఒక్కొక్క తీరుగా నుండును. దానిని పట్టి విమానము తాను ఆ స్థలమునకు ఏ దిక్కున నున్నదో తెలిసికొనును. పిల్ల ఇది చెప్పుచుండగా మాకు ముందువారమున మా వాకిట జరిగిన బతుకమ్మ ఆట కన్నుల గట్టినది. నడుమ పూల బతుకమ్మ, చుట్టు తిరుగు ఆడువారు. చప్పట్లు ఎప్పుడు మన వైపునకు వచ్చినవో చెవితో కనిపెట్టి, కన్ను మూసికొన్నను మనమెక్కడ నిలిచితిమో చెప్పవచ్చును. ఈ పోలిక విని పిల్ల నవ్వి, తమ గురువుగారికి చెప్పెదనన్నది. దూరము తెలియుటకు వేఱొక యంత్రము కలదు: విమానము పిలిచిన అది బదులు పలుకును, ఆ బదులు వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దూరము లెక్కింతురు.

రెండవనాడు షాదునగరు దాటి దక్షిణమునకు సాగితిమి. బాలానగరు దగ్గఱ రోడ్డుకు ఇరుప్రక్కల సీతాఫలముల గంపలు. ఈ గుట్టలమీది సీతాఫలమునకు సాటి లేదని పాలమూరువారందురు. రెండు గంపలు కొని, దారి పొడుగున తిని, మేమును అదే మాట అనుచున్నాము. ఆఱవ నిజామైన మీర్ మహబూబ్ అలీఖాను పేర పాలమూరునకు మహబూబునగరమని పేరిడిరి. ప్రజల నోట పాలమూరే నిలిచినది. మట్టిపనిలో ఈ సీమవారిని మించినవారు లేరని ప్రతీతి. దేశమున పెక్కు ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు పాలమూరు కూలీలు తట్టలు మోసిరి. తమ సీమలో నీరు లేక ఇతరుల సీమలకు నీరిచ్చు పనికి పోయిన వారిది విచిత్రమైన గతి.

భూత్పూరు దాటిన పిమ్మట అడ్డాకుల మండలము గుడిబండ దగ్గఱకు పోయితిమి. తెలంగాణములో క్రొత్తగా విమానాశ్రయములు కట్టుటకు ప్రతిపాదించిన ఆఱు స్థలములలో ఇది యొకటి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీవారు పరిశీలన జరిపిరి. మేము పోయిననాడు అచ్చట కనబడినవి ఎఱ్ఱని చెల్కలు, వేరుసెనగ చేలు, మేకలమంద. పిల్ల మాత్రము దానిని కూడ నలుదిక్కులనుండి చిత్రములు తీసినది. కట్టకముందే సిమ్యులేటరులో రన్‌వే పఱచి, గుట్టలు అడ్డువచ్చునో లేదో చూడవచ్చునట. చేనిలో కలుపు తీయుచున్న యొక ముసలమ్మ మమ్ము చూచి సర్వేవారమనుకొన్నది.

"భూమి కొలువనీకి వచ్చిన్రా, బిడ్డా?" అని అడిగినది. కాదు, ఫొటోలకని చెప్పితిమి. "ఇమానం వస్తే రానియ్. నా రెండెకరాల కాడ దిగకుంట జూడు" అని నవ్వి, మరల కలుపునకు వంగినది. ఆ నవ్వు వట్టి పరిహాసము కాదు. ఆకాశమున బాట వేయుటకు ముందు నేలమీద ఎవరి చెల్కయో పోవలెను గదా.

చిన్న ఊళ్ళ విమానాశ్రయములకు రేడియో స్తంభముల వరుసలు కట్టి కాపాడుట మిక్కిలి వ్యయమగు పని. దానికి బదులుగా ఉపగ్రహములనుండి వచ్చు సంకేతములను సవరించి దారి చూపు గగన్ అను ఏర్పాటు మన దేశమువారే చేసికొనిరి. 2022 ఏప్రిలు 28న రాజస్థానములోని కిషన్‌గఢ్‌లో ఇండిగో వారి ఏటీఆర్ విమానము దాని సాయముతో దిగినది. గుడిబండలో ఎన్నడైన విమానము దిగినచో బహుశః ఆ విధముననే దిగును.

జడ్చర్లకు మరలి, కల్వకుర్తి మీదుగా తూర్పునకు పోవుచుండగా కారులో మా మాటలు ఆడువారి ఎగురుడు మీదికి పోయినవి. 1936లో లాహోరున సరళా ఠక్రాల్ చీర కట్టుకొనియే జిప్సీమాత్ విమానమునెక్కి ఒంటరిగా ఎగిరినది. ప్రేమ్ మాథుర్ 1947లో వాణిజ్య విమానములు నడుపు లైసెన్సు పొందినప్పుడు పెక్కు కంపెనీలు ఆడుదానికి పని ఇయ్యమనినవి. ఆమెను చేర్చుకొన్నది మన హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్. బేగంపేటనుండి ఎగిరిన ఆ కంపెనీ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది. 2016 జూన్ 18న దుండిగల్లు వైమానిక అకాడమీలో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అను ముగ్గురు యుద్ధవిమానముల పైలట్లుగా నియుక్తులైరి. నేడు మన దేశపు పైలట్లలో నూటికి పదిమందికి మించి స్త్రీలే. లోకపు సగటుకు ఇది రెండింతలు. పిల్ల ఈ పేర్లన్నియు స్తోత్రమువలె వల్లించినది. తల్లియెదుట ఎన్నిమాఱులు వల్లించినదో మాకు తెలియును.

మల్లేపల్లి, హాలియా దాటి మూడవనాడు పెద్దవూర మండలము చేరితిమి. లంబాడీ తండాలు, పత్తిచేలు, దూరమున వరసలుగా కరెంటు గోపురములు. సాగరమున పుట్టిన విద్యుత్తు ఆ తీగలమీదుగా పోవును. ఈ మండలములోని తుంగతుర్తి పొలములలో 2022 ఫిబ్రవరి 26న ఒక చిన్న విమానము కూలినది. ఇద్దఱు మాత్రమే కూర్చుండగల సెస్నా 152 అది. ఏటి కావలి నాగార్జునసాగరపు ఎయిర్‌స్ట్రిప్పునుండి ఎగిరినది. అందున్నది ఒక్కతే, శిక్షణలో నున్న యువతి, మద్రాసు వైపు పిల్ల. ఆమె అచ్చటనే ప్రాణము విడిచినది.

మా చెల్లెలు ఆ దినమున టెలివిజనులో ఆ పొలమును చూచినది. దానికి ముందు వారమే పిల్ల ఒక శిక్షణాలయపు దరఖాస్తు తెచ్చి బల్లమీద పెట్టియుండెను. మా చెల్లెలు దానిని చింపలేదు, కోపపడలేదు. మడిచి బీరువాలో చీరల అడుగున పెట్టి తాళము వేసినది. మరల ఆ మాట ఎత్తలేదు. ఆమెను తప్పు పట్టుటకు మాకు నోరు రాలేదు. పిల్లను వెనుకకు లాగుటకును మనసొప్పలేదు. ఆడపిల్లను కని పెంచిన ప్రతి ఇంటను ఏదో ఒక రూపమున ఈ బీరువా యుండును.

రోడ్డుమీదనే కారు నిలిపి, చెప్పులు విడిచి, కొంతసేపు ఊరకుంటిమి. పత్తిచేలు పూతమీద ఉండెను. పిల్ల ఆ పొలమును చిత్రము తీయలేదు. కరెంటు గోపురములను మాత్రము ఒక్కొక్కదానిని లెక్కపెట్టి తీసినది; ఏ గోపురము ఏ రోడ్డుకు ఎంత దూరమో పుస్తకమున వ్రాసికొన్నది. పల్లములో ఎగురు చిన్న విమానములకు తీగలు దగ్గఱకు వచ్చువఱకు కంటికి ఆనవు. తీగ కనబడకున్నను గోపురము కనబడును గనుక, రెండు గోపురములు కనబడినచో నడుమ తీగ యున్నదని తలచవలెనని శిష్యులకు నేర్పుదురు. సిమ్యులేటరు చిత్రములలో పెద్ద పట్టణముల మేడలన్నియు ఉండునుగాని పల్లెపొలముల గోపురములు తఱచు ఉండవట. "ఈ మండలములో ఒక్కటియు విడువను, పెద్దమ్మా" అని అన్నది. ఎండ నెత్తిమీదికి వచ్చువఱకు ఆ పని సాగినది.

సాయంకాలమునకు సాగరము చేరితిమి. 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్టనుండి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచినది. రాతితో కట్టిన గోడ 124 మీటర్ల ఎత్తు. దీని సొగసును గుఱించి పూర్వము పెక్కుమంది వ్రాసిరి గనుక మేము చర్వితచర్వణము చేయము. వంతెన దాటి మాచర్ల దారి పట్టినచో విజయపురి సౌత్ వైపు ఎయిర్‌స్ట్రిప్పు కలదు. శంషాబాదు నాద స్తంభముల వరుసలవంటివి ఇచ్చట లేవు. ఒక పరుగుబాట, దాని ప్రక్కన గడకు కట్టిన గాలిసంచి. సంచి నిండుగా లేచినచో గాలి బలముగా నున్నట్లు, వ్రేలాడినచో గాలి లేనట్లు, మూతి ఏ దిక్కున నున్నచో గాలి ఆ దిక్కునుండి వచ్చినట్లు. మిగిలినదంతయు కన్ను, చేయి, గురువు మాట.

రోడ్డు ప్రక్కనుండి చూచుచుండగా ఒక చిన్న విమానము లేచి, ఎడమకు తిరిగి, నీటి అంచువఱకు పోయి, మరల చుట్టివచ్చి దిగినది. చక్రములు తాకీ తాకకముందే మరల లేచినది. ఇట్లు ఏడు మాఱులు. పిల్ల కెమెరాను మెడలో వదలి వట్టి కంటితో చూచుచుండెను. మూడవ మాఱు దిగునప్పుడు విమానము కొంచెము ఎగిరిపడినది. నాలుగవ మాఱు మెత్తగా దిగినది. అంతలో మా చెల్లెలు ఫోను చేసినది.

"ఎచ్చట నున్నారు, అక్కా?" అని అడిగినది. చెప్పితిమి. కొంతసేపు పలుకలేదు. ఫోనులోనుండి ఇంజను చప్పుడు విన్నదేమో, "ఎగురుచున్నది ఆడపిల్లయా, మగపిల్లవాడా?" అన్నది. ఇంత దూరమునుండి తెలియదంటిమి. మరల కొంతసేపు ఊరకుండి, "వాండ్ల ఆ గదిలో, అదే, ఆఱుకాళ్ళ గదిలో, నావంటిదానిని కూర్చుండనిత్తురా?" అని అడిగినది.

ఫోను పిల్ల చేతికిచ్చితిమి. ముందుగా చెప్పియుంచినచో కూర్చుండనిత్తురనియు, తాను తీసిన గోపురములు తెఱమీదికి ఎక్కుటకు నెలదినములు పట్టుననియు, అప్పుడు రమ్మనియు అది చెప్పినది. కార్తికము వెళ్ళిన పిమ్మట ఒక శనివారము నిశ్చయించుకొనిరి.